శనివారం వచ్చిన ఇనుము

బద్వేలు,
5 జూన్ 2006

చిన్నమ్మా,

నేను నాగశ్రీని. ఉత్తరం చూసి కంగారు పడొద్దు, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోను చేయకుండా ఎందుకు రాస్తున్నానో నీకు తెలియనిది కాదు. ఫోను నాయన గల్లాపెట్టె పక్కనే ఉంది. నేను హలో అనగానే చీరలు బేరం చేస్తున్నవాళ్ళు కూడా చెవులు ఇటు తిప్పుతారు. ఉత్తరంతో ఆ బాధ లేదు. నాయనకు తన కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో ఎప్పుడూ తెలియదు కాబట్టి, షాపుకు వచ్చే టపా అంతా విప్పి చదివేది నేనే.

సంగతి ఇది. నాయనకు మోకాళ్ళు పట్టేశాయి. మగ్గాల ఊళ్ళు తిరిగి చీరలు ఏరి తెచ్చే పని ఇక తనవల్ల కాదని, ఈ ఏడు నుంచి మాధవరం, పుల్లంపేట ప్రదీపుకు అప్పజెబుతానని నిన్న అన్నాల దగ్గర చెప్పాడు. మా తమ్ముడి సంగతి నీకు కొత్తగా చెప్పాలా? పోయిన నెల వాణ్ణి ఒకసారి పంపితే, అంచు ఒకవైపు వదులుగా ఉన్న చీరలు కట్టకట్టి తెచ్చి, "కలరు బాగుండాదని తెచ్చినాలే" అన్నాడు. చీరను కంటితో కాదురా, వేళ్ళ మధ్య పెట్టి చూడాలని ఎన్నేళ్ళుగానో మొత్తుకుంటున్నాను. వాడి వేళ్ళు సెల్‌ఫోను మీద తప్ప ఇంకెక్కడా ఆగవు.

"ఆ పని నాకు ఇయ్యి నాయనా" అన్నాను. అమ్మ, ప్రదీపు నవ్వారు. నాయన నవ్వలేదు. నవ్వి ఉంటేనే బాగుండేది. "నువ్వు యాడికి పోతావు తల్లీ, ఈడ గల్లా కాడ కూర్చో, శానా సాలు" అన్నాడు.

నాకు ముప్పై ఒక్క ఏళ్ళు. ఈ షాపులో అమ్ముడుపోయిన ప్రతి మంచి చీరా నా వేళ్ళ మధ్య నుంచి పోయినదే. కానీ ఇంతవరకు ఒక మగ్గాన్ని కళ్ళతో చూడలేదు. నన్ను ఎత్తుకుని అక్కడిదాకా తీసుకుపోయే తీరిక ఎవరికీ లేదు.

చిన్నాయన పోయినప్పటి నుంచి మీ ఇంట్లో కవరు కప్పుకుని ఒక కారు పడుకుని ఉంది కదా, గేర్లు మార్చే పని లేనిది. దాంట్లో కాళ్ళతో చేసే పనులు రెండే, బ్రేకు, ఎక్సలేటరు. ఆ రెండింటినీ చేత్తో నడిపించే కడ్డీ ఒకటి ఉంటుందని పత్రికలో చదివాను. ముందుకు నెడితే బ్రేకు, వెనక్కి లాగితే ఎక్సలేటరు. పోలియో నా కాళ్ళను తీసుకుపోయింది గానీ చేతులను ముట్టుకోలేదు. ఇన్నేళ్ళు కర్రల మీద నన్ను మోసిన చేతులివి, ఒక కారును ఆపలేవా?

నాకు ఆ కారు కావాలి చిన్నమ్మా. అడగడానికి సిగ్గుపడటం లేదు.

నీ
నాగశ్రీ


కర్నూలు,
15 జూన్ 2006

చి. నాగశ్రీకి చిన్నమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం, కారు తప్ప.

నీ ఉత్తరం రాగానే కవరు తీసి దుమ్ము దులిపాను. లోపల ఎలుకలు కాపురం పెట్టాయి. వాటిని ఖాళీ చేయించి, మన వీధి చివరి మెకానిక్ లాజరును పిలిచి సంగతి చెప్పాను. "ఇదేమంత పనక్కా" అని ఒక పైపుముక్క కోసి, రెండు చోట్ల వెల్డింగు పెట్టి సాయంత్రానికే కడ్డీ బిగించాడు. నీకు సరిపోతుందో లేదో చూడాలని, కాళ్ళు సీటు మీదికి మడిచి బాసిపట్టు వేసుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. పక్కన నేను. కాంపౌండు లోపలే ఒక చుట్టు బాగానే తిరిగాం. రెండో చుట్టులో ఆపబోతే కడ్డీ కాస్తా ఊడి లాజరు చేతిలోకి వచ్చింది. కారు పోయి నీళ్ళతొట్టిని గుద్దుకుని ఆగింది. తొట్టి పగిలింది, నా చేటంత నోరు మూతపడింది, ఇంకేమీ కాలేదు.

లాజరు ఆ కడ్డీకి వెల్డింగు ఊడిన చోట వేలితో తడిమి చూశాడు. చివరికి, "కిటికీలకు, గేట్లకు జేస్తానక్కా. ఒక ఆడబిడ్డ పానం దీని మీద పెట్టి పంపమంటే నావల్ల గాదు. కంపెనీది తెప్పిచ్చుకో, బిగిచ్చేది నా పూచీ" అన్నాడు.

కొత్తది కొనే తాహతు నీకూ లేదు, నాకూ లేదు. కానీ మీ చిన్నమ్మ ఎస్.టి.డి. బూతును ఇంటర్నెట్ సెంటరుగా ఊరికే మార్చిందా? బయటి దేశాల్లో పాత కార్లను విప్పి, ముక్క ముక్కగా ఇంటర్నెట్‌లో అమ్మే అంగళ్ళు ఉన్నాయి. తలుపుకు తలుపు, అద్దానికి అద్దం, చివరికి సీటు కింద నట్టు కూడా అమ్ముతారు. పిల్లలు పరీక్షల రిజల్టులు చూసుకుని వెళ్ళిపోయాక రోజూ అదే పనిలో ఉన్నాను. మీ నాయనకు తెలియనివ్వకు. బావ మంచివాడే గానీ, భయం పుట్టిందంటే ఆయన మాట ఎవరూ తిప్పలేరు.

కారు నీదే. అడగడానికి సిగ్గెందుకు, ఆలస్యం చేసినందుకు పడు.

మీ చిన్నమ్మ
సుబ్బరత్నమ్మ


బద్వేలు,
26 జూన్ 2006

చిన్నమ్మా,

నీళ్ళతొట్టికి నా సానుభూతి. లాజరన్నకు నా నమస్కారాలు.

ఒక మాట మరిచిపోవద్దు. అమెరికా వాళ్ళ కడ్డీలు చూడకు. వాళ్ళకు స్టీరింగు ఎడమవైపు ఉంటుంది, మనకు అన్నీ తారుమారు అవుతాయి. ఇంగ్లాండు వాళ్ళకు మనలాగే కుడివైపు. మనకు పనికొచ్చేది అక్కడే దొరకాలి.

ఇంకో వార్త. కాళ్ళకు కట్టుకునే క్యాలిపర్ల తోలు పట్టీలు తెగిపోయాయని ఇంట్లో చెప్పి, కడపకు వెళ్ళి డ్రైవింగు నేర్చుకునే లైసెన్సు, అదే ఎల్.ఎల్.ఆర్., తెచ్చుకున్నాను! పట్టీలు నిజంగానే తెగాయి, అబద్ధం ఆడలేదు. బస్సులో ఒంటరిగా పంపరు కదా, ఎదురింటి హిమబిందు తోడొచ్చింది. ఆఫీసులో గుమాస్తా నా కర్రలను, కాగితాన్ని మార్చి మార్చి చూసి, "బండి యాడుండాదమ్మా?" అన్నాడు. "వస్తాండాది" అన్నాను. ఈ కాగితం ఆరు నెలలే పనిచేస్తుంది. ఆ లోపల కారు తయారు కావాలి, బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు నేను నడిపి చూపించాలి. లేకపోతే మళ్ళీ మొదటికి.

రాత్రి అందరూ టీవీ ముందు ఉన్నప్పుడు కుర్చీలో కూర్చుని చీపురుకట్టతో సాధన చేస్తున్నాను. ముందుకు నెట్టడం, వెనక్కి లాగడం. నిన్న అమ్మ చూసింది. పొద్దున్నే దర్గాకు పోయి తాయెత్తు తెచ్చి నా చేతికి కట్టింది. కట్టించుకున్నాను. ఏం చేయను, చీపురుకు బ్రేకు ఉందని చెప్పనా?

నాగశ్రీ


కర్నూలు,
12 జూలై 2006

చి. నాగశ్రీకి,

దొరికింది! ఇంగ్లాండులో పీటర్ అనే ఆయన పాత కార్ల యార్డులో. ఒక ముసలావిడ ఎనభై ఏళ్ళు వచ్చేదాకా ఆ కడ్డీతోనే కారు నడిపిందట. ఇప్పుడు కళ్ళు కనపడక మానేసి, కారును ఆయనకు అమ్మేసింది. ఫోటో చూశాను. పిడి దగ్గర రంగు పోయి నున్నగా ఉంది. మన కారు పేరు, కొలతలు లాజరుతో రాయించి పంపితే, సరిపోతుందని జవాబు ఇచ్చాడు.

ఇక బేరం సంగతి విను. నాలుగు తరాల వ్యాపారం ఇంట్లో పుట్టి చెప్పిన ధరకు కొన్నానంటే మా నాయన పైనుంచి దిగి వచ్చి తిడతాడు. సగానికి ఇస్తారా అని రాశాను. ధర ఇంతేనమ్మా అన్నాడు. రెండు కొంటే ఎంత తగ్గిస్తారు అన్నాను. మీకు రెండెందుకు అన్నాడు. పాయింటే. పోనీ, మా దేశం నుంచి మీకు ఇదే మొదటి బేరం, మా చేతి బోణీ మంచిది, మీ యార్డు నిండిపోతుంది అని రాశాను. దానికి రెండు రోజులు జవాబు లేదు. బోణీ అంటే ఏమిటో పాపం ఎవరినైనా అడిగి వచ్చాడేమో. ధర తగ్గించలేను గానీ బిగించే క్లాంపులు, బోల్టులు ఊరికే ఇస్తానన్నాడు. సరే, గెలుపు గెలుపే. మంచిరోజు చూసి పోయిన బుధవారం నా బ్యాంకు కార్డు మీద కొనేశాను. కొరియరులో మన ఇంటికే వస్తుంది.

నువ్వు చీపురుకట్టతో కాదు, రోకలితో సాధన చెయ్. చేతులకు బరువు అలవాటు కావాలి.

చిన్నమ్మ


బద్వేలు,
25 జూలై 2006

చిన్నమ్మా,

సంతోషంతో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను, తాయెత్తు పనిచేసిందని అమ్మ అందరికీ చెబుతోంది.

ఇక్కడ మాత్రం తొందరగా ఉంది. వరలక్ష్మీ వ్రతం కాగానే నాయన ప్రదీపును మాధవరం తీసుకువెళ్ళి నేతగాళ్ళకు పరిచయం చేస్తాడట. అక్కడ గురమ్మ అని ఉంది, నాయన ఆమె చీరలు ముట్టుకోకుండానే కొంటాడు. నాకు ఆమె చేయి తెలుసు, ముఖం తెలియదు. పరిచయం అయిపోతే ఆ పని ఇక వాడిదే. ఒకసారి ఇచ్చింది వెనక్కి తీసుకుంటే తమ్ముణ్ణి అవమానించినట్లు అవుతుంది, అది నాకూ ఇష్టం లేదు. పార్సిలు ఎప్పుడు వస్తుందో ఆయనను అడుగు.

నాగశ్రీ


కర్నూలు,
6 ఆగస్టు 2006

చి. నాగశ్రీకి,

నేను ఇప్పుడు వ్రతం చేసుకోను కదా, శుక్రవారం పక్కింట్లో బాగా జరిగింది. అమ్మవారికి కట్టమని నువ్వు పోయినేడు పంపిన మాధవరం చీర ఇచ్చాను. ముత్తయిదువులు అంచు పట్టుకుని వదల్లేదు. పీట మీది కలశానికి నీ పేరు చెప్పి దణ్ణం పెట్టాను.

అమ్మవారు విన్నది. నిన్ననే పార్సిలు వచ్చింది! కొరియరు మనిషి పొడుగాటి పెట్టె భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిన్న శనివారం కదా, ఇనుము గడప లోపలికి తెచ్చుకోకూడదు కదా, "సోమవారం పొద్దున తీసుకరాప్పా, నీకు ఒబ్బట్లు పెడతా" అన్నాను. సరేనని ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. రేపు తెస్తాడు. లాజరుకు కబురు పెట్టాను.

చేతులు ఎలా ఉన్నాయి? నువ్వుల నూనె రాసుకో.

చిన్నమ్మ


బద్వేలు,
9 ఆగస్టు 2006

చిన్నమ్మా,

సోమవారం తెచ్చాడా? వెంటనే రాయి. ఆ సంతకం దేనికి? చదివే పెట్టావా?

ఇంకొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. వ్రతం రోజు నువ్వూ నాయనా ఫోనులో చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను రాగానే నాయన "మళ్ళ మాట్లాడదాంలేమ్మా" అని పెట్టేశాడు. ఆ మర్నాడే నువ్వు పార్సిలును వెనక్కి పంపావు. ఈ రెండింటికీ సంబంధం లేదని ఒక్క మాట రాయి, నాకు చాలు.

నాగశ్రీ


కర్నూలు,
13 ఆగస్టు 2006

చి. నాగశ్రీకి,

సోమవారం రాలేదు. మంగళవారం రాలేదు. బుధవారం నేనే ఆటో కట్టించుకుని వాళ్ళ ఆఫీసుకు పోయాను. కాగితం తీసి చూపించారు. కింద నా సంతకం. పైన ఇంగ్లీషులో, తీసుకోవడానికి ఇష్టపడలేదు, పంపినవారికే తిప్పి పంపండి అని ఉంది. సోమవారం తెమ్మన్నదానికి సంతకం అనుకున్నాను గానీ, వద్దన్నదానికని ఎవరనుకుంటారు? అప్పటికే హైదరాబాదు దాటి పోయిందట. కౌంటరు ముందు అరిచాను, ఏడ్చాను, మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టారు. పెట్టె మాత్రం వెనక్కి రాదు.

నువ్వు నన్ను తిట్టకముందే చెబుతున్నాను, నేను చేసింది నాకు తప్పుగా తోచలేదు. ఆ కారును మీ చిన్నాయన ఇంటికి తెచ్చింది శనివారమే. ఇనుము, ఈ రోజు వద్దండీ అని కాళ్ళావేళ్ళా పడ్డాను. నవ్వాడు. రెండేళ్ళు తిరక్కుండానే పోయాడు. నువ్వు ప్రాణాలు పెట్టి కూర్చునే ఇనుమును శనివారం నా చేత్తో ఎలా తీసుకోమంటావు?

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. మీ నాయనతో కలిసి నీ మీద కుట్ర చేశానంటావా? ఈ మాట రాయడానికి నీకు చేయి ఎలా వచ్చింది?

చిన్నమ్మ


బద్వేలు,
18 ఆగస్టు 2006

చిన్నమ్మా,

నాకు జ్వరం వచ్చి కాళ్ళు పడిపోయినప్పుడు, చుక్కల మందు వేయించలేదన్న మాట మన ఇంట్లో ఎవరూ అనలేదు. శని అన్నారు. పన్నెండేళ్ళు వచ్చేదాకా ప్రతి శనివారం నాచేత నువ్వుల నూనె దీపం పెట్టించారు. దీపాలన్నీ చక్కగా వెలిగాయి. నా కాళ్ళు అలాగే ఉన్నాయి.

ఒక్కటి చెప్పు. నేను మీ ఇంటికి ఎప్పుడు వచ్చినా రెండు కాళ్ళకూ ఇనుప కడ్డీలు కట్టుకునే వస్తాను. పోయిన వేసవిలో మీ ఇంటికి వచ్చింది శనివారమే. గడప దగ్గర ఆపి సోమవారం రమ్మన్నావా? ఎదురొచ్చి, భుజం పట్టి లోపలికి తీసుకువెళ్ళావు. కుంటిదానిగా ఉండటానికి కావలసిన ఇనుము ఏ రోజైనా లోపలికి రావచ్చు. నేను తిరగడానికి కావలసిన ఇనుముకే వారం, వర్జ్యం కావలసి వచ్చిందా?

చిన్నాయన గుండెజబ్బుతో పోయాడు. ఆ కారు ఆయనను ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. దాన్ని ఇన్నేళ్ళు నువ్వు కవరు కింద ముద్దాయిలా ఉంచావని ఇప్పుడు అర్థమైంది.

కఠినంగా రాశాను. చించేసి మళ్ళీ మెత్తగా రాద్దామనుకున్నాను, రాయను. నాకు కోపంగా ఉంది, ఏడుపుగా కూడా ఉంది. నిన్న నాయన ప్రదీపును మాధవరం తీసుకుపోయాడు. గడప మీద కూర్చుని వాళ్ళను సాగనంపాను.

ఇక దాచి చేయడం వద్దు. పీటర్‌కు రాయి, పెట్టె తనకు చేరగానే మళ్ళీ పంపమను. కిరాయి నా గాజులు కుదువ పెట్టి పంపుతాను. అడ్రసు మాత్రం మీ ఇంటిది కాదు. నా పేరు, మా షాపు పేరు, బద్వేలు. ఎవరి ముందు వచ్చినా, ఏ రోజు వచ్చినా, సంతకం నేను పెడతాను.

నాగశ్రీ


కర్నూలు,
4 సెప్టెంబర్ 2006

చి. నాగశ్రీకి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. మొదటి రోజు నీ మీద కోపంతో. రెండో రోజు, పోయిన వేసవిలో నిన్ను భుజం పట్టి లోపలికి తీసుకొచ్చింది గుర్తుకు వచ్చి. శనివారమని ఆ రోజు నాకు తట్టనే లేదు. నిన్ను చూసిన సంతోషంలో వారం మరిచిపోయాను. మరిచిపోతే ఏమీ కాలేదు కూడా.

మీ నాయన ఫోను సంగతి. కర్నూల్లో మోకాళ్ళకు మంచి డాక్టరు ఉన్నాడా అని అడిగాడు. ఆపరేషను అంటారేమోనని భయం, నీకు తెలిస్తే ఎగతాళి చేస్తావని ఇంకా భయం. అదే రహస్యం. ఇప్పుడు చెప్పాను కాబట్టి నువ్వూ దాచు.

పెట్టె పీటర్ దగ్గరికి చేరింది. ఎందుకు వద్దన్నానో ఆయనకు రాయక తప్పలేదు. మాకు శనివారం ఇనుము గడప లోపలికి రాకూడదు అని ఇంగ్లీషులో రాయడానికి అరపూట పట్టింది. నవ్వుతాడనుకున్నాను. నాకు ఇది అర్థం కాలేదు గానీ, మా అమ్మ కూడా అపశకునమని కొత్త బూట్లు బల్ల మీద పెట్టనిచ్చేది కాదు అని జవాబు ఇచ్చాడు. కిరాయి సగం తనే పెట్టుకుంటానన్నాడు, మిగతా సగం నేను కట్టాను. గాజులు తీయకు.

పెట్టె బద్వేలుకే వస్తుంది, నీ పేరుతోనే. అయితే ఒక సంగతి కనుక్కున్నాను. బద్వేలు వైపు ఆ కొరియరు వ్యాను వారానికి ఒక్కసారే వస్తుందట. ఏ వారమని అడగకు.

బావ గల్లా దగ్గరే ఉంటాడు. నాకు భయంగా ఉంది తల్లీ. ఆ రోజుకు నేను రానా?

చిన్నమ్మ


బద్వేలు,
24 సెప్టెంబర్ 2006

చిన్నమ్మా,

నువ్వు రాకపోవడమే మంచిదైంది. వచ్చి ఉంటే నువ్వు మోసేదానివి.

నిన్న పదకొండు గంటలకు వచ్చాడు. షాపు నిండా జనం. నాయన గల్లా దగ్గర, ప్రదీపు బల్ల ఎక్కి పై అరలోని చీరలు దించుతున్నాడు. కొరియరు మనిషి మెట్ల కింద నిలబడి నా పేరు గట్టిగా చదివాడు. నాయన కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకుని, "ఏముందప్పా దాంట్లో?" అన్నాడు. "ఇనుప సామానయ్యా, కారు పార్టు అని రాసుండాది." నాయన చేయి అడ్డం ఊపాడు. "ఇనుమా? ఈ రోజు యాడన్నా తీసుకుంటారా? సోమవారం తీసుకరాపో."

"నాది నాయనా. నేను తీసుకుంటా" అన్నాను. కర్రలు అందుకుని మెట్లు దిగాను. సంతకం చదివి మరీ పెట్టాను. పెట్టెను కింది మెట్టు మీద పెట్టి ఆయన వెళ్ళిపోయాడు. అప్పుడు తెలిసింది నాకు, చేతులు రెండూ కర్రలకే సరిపోతాయి, పెట్టెను పట్టుకునేది ఎవరు? ప్రదీపు బల్ల దిగబోయాడు. నాయన వాడివైపు చూశాడు. వాడు ఆగిపోయాడు.

ఎవరినీ అడగలేదు చిన్నమ్మా. కర్రలు కింద పడేశాను. మెట్టు మీద కూర్చుని క్యాలిపర్ల లాకులు విప్పుకున్నాను. పెట్టె ఒళ్ళో పెట్టుకుని, చిన్నప్పుడు వెళ్ళినట్లే, చేతులు ఆన్చి ఒక్కొక్క మెట్టే పైకి జరిగాను. గడప దాటాను. బజారు బజారంతా చూసింది. చీరలు బేరం చేస్తున్న ఒకావిడ ముఖం అటు తిప్పుకుంది. ఎనిమిదో తరగతిలో, ఇక జన్మలో ఎవరి ముందూ పాకనని ఒట్టు పెట్టుకున్నాను. నిన్న ఆ ఒట్టు పోయింది, నాకు సిగ్గు వేయలేదు.

షాపు మధ్యలో కూర్చుని అట్టపెట్టె చించి కడ్డీ బయటికి తీశాను. నాయనకు మొత్తం చెప్పాను. కారు సంగతి, ఎల్.ఎల్.ఆర్. సంగతి, మగ్గాల ఊళ్ళ సంగతి. "నువ్వు దోవలో పడితే ఎత్తేదెవరు?" అన్నాడు. "ఇప్పుడు ఎవరు ఎత్తినారు నాయనా?" అన్నాను.

ఆయన లేచాడు. మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగి, బయట పడి ఉన్న నా కర్రలు తెచ్చి నా పక్కన పెట్టాడు. మళ్ళీ పోయి గల్లా దగ్గర కూర్చున్నాడు.

రేపు అమ్మను తోడు తీసుకుని కర్నూలు బస్సు ఎక్కుతున్నాను. ఈ ఉత్తరం కంటే ముందే నేను నీ దగ్గర ఉంటానేమో. వచ్చాక చదువు. ఇది నోటితో చెప్పాలంటే నాకు ఏడుపు వస్తుంది.

నాగశ్రీ


కర్నూలు,
4 డిసెంబర్ 2006

చి. నాగశ్రీకి,

నువ్వూ మీ అమ్మా కారులో వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. రెండు నెలలు నీ పక్క సీట్లో కూర్చుని, లేని బ్రేకును కాలితో తొక్కీ తొక్కీ నా పిక్కలు పట్టుకుపోయాయి. లాజరు ఇంకా నీ గురించే చెబుతున్నాడు. కడ్డీని మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించి, తన భార్యను కూర్చోబెట్టి చూసుకున్నాక గానీ నిన్ను ముట్టుకోనివ్వలేదు.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముఖం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కారు చుట్టూ తిరిగి, కింద వంగి చూసి, "ఏమ్మా, కాళ్ళతో పనే లేదా?" అన్నాడు. "ఉన్నింటే మీకు ఈ అనుమానం వచ్చేది కాదు సార్" అన్నావు. ఆయన నవ్వాడు కాబట్టి సరిపోయింది. పీటర్‌కు నీ ఫోటో పంపాను. ఆ ముసలావిడ కళ్ళు కనపడకపోయినా నీ సంగతి చదివించుకుని విన్నదట.

ఇక నా మాట విను. బావ ఒప్పుకున్నాడని ప్రదీపు ఫోను చేసి చెప్పాడు. వాడు పక్కన కూర్చుంటేనే అన్నాడట, సబబే. నేతగాళ్ళ దగ్గర చీర నువ్వు చూడు, మూట వాడు మోస్తాడు. ఒంటరిగా మాత్రం పోకు. మాధవరం దారిలో ఆ లంకమల అడవి రోడ్డు మీద మైళ్ళ కొద్దీ మనిషి కనపడడు. టైరు పంచరైతే ఏం చేస్తావు? బయలుదేరే ముందు ఒక ఫోను, చేరాక ఒక ఫోను. మాట ఇవ్వు.

చిన్నమ్మ


లంకమల రోడ్డు,
19 డిసెంబర్ 2006

చిన్నమ్మా,

మాట ఇవ్వలేదు, గుర్తుందా? ఇవ్వకపోవడానికి కారణం ఇదే.

రెండుసార్లు ప్రదీపును పక్కన కూర్చోబెట్టుకుని మాధవరం వెళ్ళి వచ్చాను. వాడు మంచి పిల్లవాడు. సీటు వెనక్కి వాల్చి బద్వేలు దాటగానే నిద్రపోతాడు. గురమ్మను చూశాను. మగ్గం ముందు కూర్చుంటే ఆమె కాళ్ళు గుంటలో ఆడుతున్నాయి, నేను ఆమె కాళ్ళనే చూస్తూ ఉండిపోయాను. ఆమె నా చేతులను చూసింది. ఆ సంగతి తర్వాత రాస్తాను.

ఈ రోజు పొద్దున ప్రదీపు ఇంకా లేవలేదు. ఎనిమిదింటికి బయలుదేరతానని గురమ్మకు కబురు పెట్టాను. తాళంచెవి నా చేతిలోనే ఉంది. కారెక్కి కర్రలు పక్క సీట్లో పెట్టుకుని బయలుదేరాను. మన షాపు ముందు నుంచే రావాలి. నాయన తలుపులు తీస్తున్నాడు. పక్క సీటు ఖాళీగా ఉండటం చూశాడు. చేయి పైకెత్తాడు. ఆగమన్నాడో, పోయి రమ్మన్నాడో నాకు తెలియలేదు. నేను ఆగలేదు.

ఇప్పుడు అడవి మధ్యలో ఒక కానుగ చెట్టు కింద కారు ఆపి, స్టీరింగు మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. టైరు పంచరు కాలేదు, కంగారు పడకు. ఊరికే ఆపాను. ఆపగలిగాను కాబట్టి ఆపాను.

పుట్టిన దగ్గర నుంచి నన్ను ఎవరో ఒకరు ఎత్తుకున్నారు, పట్టుకున్నారు, లేదంటే పక్కన కూర్చున్నారు. బడికి అమ్మ, బస్సుకు హిమబిందు, కారులో నువ్వు. రాత్రి నేను పక్క మీద దొర్లినా అవతలి గదిలో ఎవరో ఒకరు "ఏం కావాల?" అంటారు. అందరూ ప్రేమతోనే. ఆ ప్రేమ లేకపోతే నేను ఇంతదాకా వచ్చేదాన్ని కాదు, నాకు తెలుసు. కానీ చిన్నమ్మా, ఈ నిమిషాన నేను ఎక్కడ ఉన్నానో లోకంలో ఒక్కరికీ తెలియదు. అమ్మకు తెలియదు, నీకు తెలియదు. నాయన ఇంటికీ షాపుకూ మధ్య తిరుగుతూ ఉంటాడు. అది తలుచుకుంటే పాపం అనిపిస్తోంది. అయినా ఇంకో పది నిమిషాలు కూర్చుంటాను.

ఏడుస్తున్నాను. అక్షరాలు అలికిపోయిన చోట సర్దుకుని చదువుకో. బాధతో కాదు.

మాధవరం చేరగానే నాయనకు ఫోను చేస్తాను, తిట్లు తింటాను. నీకు మాత్రం చేయను. ఈ ఉత్తరం నీకు అందేసరికి మూడు నాలుగు రోజులు పడుతుంది. అంతవరకు ఈ చోటు నాదొక్కదానిదే.

నాగశ్రీ